ప్రెస్సు వేస్తే ఆగిపోయే కంప్యూటర్

జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు. కానీ ఒక ఉద్యోగం నుంచి మాత్రం రిటైరయ్యాను. గుంటూరులో కంప్యూటర్లు అమ్మి, చెడిపోతే బాగుచేసే ఒక కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా పనిచేసి, మానేసి, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. చివరి సంవత్సరం పిల్లలు ఏ బ్యాచ్ వాళ్లయినా ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, మీరు చూసిన వాటిలో అన్నిటికన్నా కష్టమైన ఫాల్టు ఏది?" నేను ఏదో చిప్పు నంబరు చెబుతానని పెన్ను మూతలు తీసి కూర్చుంటారు. నేను గురజాల అంటాను. మూతలు పెట్టేస్తారు. పెట్టెయ్యకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట. గురజాల దాటాక మాచర్ల రోడ్డు మీద ఒక జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజ తీసి, దూదిని ప్రెస్సులో వేసి నొక్కి, బేళ్లుగా కట్టి లారీలకెత్తేవాళ్లు. దాని యజమానిని ఊరంతా షావుకారు గారనే పిలిచేవాళ్లు. ఆయన చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లుకు పని మీద వెళ్లి, అక్కడ ఆఫీసులో కంప్యూటర్ చూశారు. దాంతో ఏం చేస్తారని అడగలేదు. ఎక్కడ కొన్నారని అడిగి తిన్నగా మా బ్రాంచికి వచ్చారు. "వాళ్లకుంది, మనకు లేకపోతే ఎట్టా?" అని ఆయనే నాతో చెప్పారు. ఇంతకన్నా స్పష్టమైన అవసరం నాకు ఏ కస్టమరూ చెప్పలేదు.

యంత్రం వస్తోందని మిల్లులో జరిగిన ఏర్పాట్లు నాకు వరసగా గుర్తున్నాయి. ఆఫీసులో చివరి గది ఖాళీ చేసి ఏసీ పెట్టారు. కిటికీకి పచ్చ తెర కట్టారు. గుమ్మం బయట చెప్పులు వదలాలని బోర్డు రాయించారు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు. ఆ గది వెనక గోడకు ఆనుకుని ఒక కొళాయి ఉండేది. పత్తి ఏరే ఆడకూలీలు అక్కడే కాళ్లూ చేతులూ, మధ్యాహ్నం క్యారేజీలూ కడుక్కునేవాళ్లు. ఏసీ గది వెనక ఆ గోలేందని షావుకారు గారు దాన్ని తీయించి గేటు అవతల, రోడ్డు పక్కన పెట్టించారు. ఇన్ని చేశాక కంప్యూటర్ వచ్చింది. మా కంపెనీలో నాకన్నా ముందున్న ఇంజనీరు దాన్ని బిగించి, అన్నీ కొలిచి, అన్నీ బాగున్నాయని రాసి, ఇంకో ఉద్యోగం దొరికి మద్రాసు వెళ్లిపోయాడు. యంత్రం మొదట్లో చక్కగా పనిచేసింది. ఆగిపోవడం మొదలయ్యేసరికి దాని ఇంజనీరును నేను.

ఆపరేటరుగా ఒక అమ్మాయిని పెట్టారు. నరసరావుపేటలో టైపు హయ్యరు పాసై, ఆ పక్క వీధిలోనే కంప్యూటర్ కోర్సు చేసింది. వాళ్ల చర్చి పాస్టరు గారి మాట మీద తీసుకున్నారు. వాళ్లమ్మ ఆ మిల్లులోనే పత్తి ఏరుతుంది. కూలీ కూతురు వచ్చి ఏసీ గదిలో కూర్చోవడం ఆఫీసులో ఒకరికి నచ్చలేదు. ఆయన గుమాస్తా గారు. షావుకారు గారి తండ్రి కాలం నుంచి ఉన్న మనిషి. ఆ కుర్చీ తన మేనల్లుడికి వస్తుందని ఆయన అనుకున్నారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు గుమాస్తా గారు గుమ్మంలోనే జబ్బు చెప్పారు. "తెల్లార్లూ బాగానే ఉంటది. ఈ పిల్ల కూచోగానే ఆగిపోద్ది."

"రాత్రి ఎవరు నడుపుతారండీ?" అన్నాను.

"ఎవరూ నడపరు. అందుకే బాగుంటది."

అమ్మాయి చెప్పింది వేరు. "ప్రెస్సు మోటారు వేసినప్పుడు ఆగుద్ది సార్. ప్రతిసారీ కాదు. ఎక్కువసార్లు." తెర మీద పచ్చ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోతాయి, ఏ మీట నొక్కినా పలకదు. ఒక్కోసారి దానంతటదే ఆరిపోయి, మొదటి నుంచి మెమరీ లెక్క పెట్టుకోవడం మొదలెడుతుంది. అంతవరకూ కొట్టింది పోతుంది. అందుకని ఆ అమ్మాయి ఒక్కో లైను కొట్టి ఒక్కోసారి సేవ్ చేసుకునేది. నేను చూస్తుండగానే ప్రెస్సు మొదలైంది. ట్యూబులైటు ఒక్క క్షణం కళ్లు మూసి తెరిచింది. యంత్రం ఆగింది. ఆమె చేతులు వెనక్కి తీసుకుని నా వైపు చూసింది.

ఇది కరెంటు సమస్య అని ఎవరైనా చెబుతారు. నేనూ అదే అనుకున్నాను. కరెంటు ఎక్కువ తక్కువలను సరిచేసే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి యంత్రం ముందు ఉంటుంది. దాని అవతల మీటరు పెట్టి ప్రెస్సు వేయించాను. లైటు మసకబడింది, మీటరు ముల్లు కదల్లేదు. మళ్లీ వేయించాను. కదల్లేదు. అంటే యంత్రానికి అందే కరెంటు బాగానే ఉంది. ప్రెస్సు మీద కేసు కొట్టేశాను. ఇది తప్పుడు తీర్పు అని నాకు తెలియడానికి చాలా బస్సులు ఎక్కాల్సి వచ్చింది.

ఆ తర్వాత నేను పాఠ్యపుస్తకం ప్రకారం వెళ్లాను. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో భాగం. పవర్ సప్లై మార్చాను. ఫ్లాపీ డ్రైవులు శుభ్రం చేశాను. లోపల దూది ఉంది, తీశాను, ఆగడం ఆగలేదు. కీబోర్డు మార్చాను. ప్రింటరు తీగ మార్చాను. మదర్‌బోర్డు మార్చాను. మానిటర్ కూడా మార్చాను, దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసినా, మార్చకుండా మిగిలిన పెద్ద భాగం అదొక్కటే కాబట్టి. నరసరావుపేటలో బస్సు మారినప్పుడు కండక్టరు దాన్ని టీవీ అనుకుని లగేజీ టిక్కెట్టు కొట్టాడు. టీవీ కాదు అన్నాను. "బొమ్మ రాదా?" అన్నాడు. రాదన్నాను. "మరెందుకు మోస్తన్నావు?" అన్నాడు.

ప్రతి ట్రిప్పులోనూ గుమాస్తా గారు తన పరిశోధన నాకు అందించేవారు. అమ్మాయి గాజుల చప్పుడు పడట్లేదన్నారు. కుర్చీ దక్షిణం చూస్తోందన్నారు. ఒకరోజు నేను పెట్టె విప్పి, మరలు వరసగా పేర్చుకుని కూర్చుంటే పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఇంజనీరు గారూ, మీరు పెట్టె ఇప్పుతున్నారు. చూడాల్సింది కుర్చీలో ఉంది."

ఆ అమ్మాయి అక్కడే ఉంది. విననట్టు పేపరు సర్దుకుంది.

నేనూ ఆయనకు సాయం చేశాను, తెలియకుండా. ఎండాకాలం, గాలి నిండా దూది, ఒంటి మీద నైలాన్ గుడ్డ ఉంటే చిన్న చిన్న విద్యుత్తు పుడుతుంది. అది చిప్పులకు మంచిది కాదు. అందుకని కొన్నాళ్లు నూలు చీర కట్టుకురమ్మన్నాను.

"నాకున్నయి మూడు చీరలు సార్," అంది. "రెండు నైలానే."

మిగిలిన ఆ ఒక్క చీరనే రాత్రి ఉతికి పొద్దున కట్టుకుని వచ్చింది. యంత్రం ఆగింది. నాకది ఒక పరీక్ష. గుమాస్తా గారికది సాక్ష్యం. "ఇంజనీరు గారే చెప్పారు గదండీ, ఆ పిల్ల ఒంట్లో ఏదో ఉందని," అని షావుకారు గారితో చెప్పారు.

షావుకారు గారు చెడ్డ మనిషి కాదు. ఆయనకు ఓపిక కొంత మేరకే ఉంటుంది, ఆ మేర అయిపోయింది. చిలకలూరిపేట నుంచి, మాచర్ల నుంచి తోటి మిల్లుల యజమానులను తన కంప్యూటర్ చూడ్డానికి రమ్మని పిలిచి ఉన్నారు. వాళ్లముందు అది ఆగితే పరువు పోతుంది. "నీ పెట్టెన్నా తీసుకుపో, ఆ అమ్మాయినన్నా మార్చు. ఏదో ఒకటి తేల్చు," అన్నారు.

ఇక్కడ వాన పడింది.

నడి వేసవిలో ఒక్కోసారి గాలిదుమారంతో పడే వాన. రాత్రంతా కొట్టింది. పొద్దున నేను వెళ్లేసరికి మిల్లు ముందు బస్తాలు తడవకుండా ఎత్తుతున్నారు, దారంతా నల్లరేగడి బురద. ఆ రోజు నేను మెమరీ చిప్పులు మార్చాను. చిన్న చిన్న కాళ్ల చిప్పులు, వరసలు వరసలుగా. ఒక్క కాలు వంగినా పని చెయ్యదు. అవి బిగించాక ఎర్తు కూడా కొలిచాను. మీలో ఎలక్ట్రికల్ చదవని వాళ్ల కోసం: యంత్రం ఒంటి నుంచి ఒక తీగ బయటికి వెళ్లి, నేలలో పాతిన ఒక రేకుకు కలుస్తుంది. ఒంట్లో చేరకూడని కరెంటు చేరితే ఆ దారిన నేలలోకి పోతుంది. అదీ ఎర్తు. అక్కడ వోల్టులు ఎంత తక్కువుంటే అంత మంచిది. కొలిస్తే బ్రహ్మాండంగా ఉంది. రాసుకున్నాను. మధ్యాహ్నమంతా ప్రెస్సు నడిచింది. యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

మెమరీ చిప్పులేనండీ అని షావుకారు గారికి చెప్పాను. ఆయన తలూపారు కానీ, నేను రాకముందే ఇంకో పని చేసి ఉన్నారు. ఆ ఉదయమే అమ్మాయిని ఇంటికి పంపించి, కుర్చీలో గుమాస్తా గారి మేనల్లుణ్ని కూర్చోబెట్టారు.

ఫాల్టు వెతికేటప్పుడు ఒకేసారి రెండు మార్పులు చెయ్యొద్దని నేను మీకు మొదటి వారమే చెబుతాను. ఆ రోజు మూడు జరిగాయి. ఒకటి నేను చేశాను. ఒకటి గుమాస్తా గారు చేయించారు. మూడోది ఆకాశం చేసింది. నేను నా చిప్పులను నమ్మాను, గుమాస్తా గారు తన మేనల్లుణ్ని నమ్మారు. మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

యంత్రం బాగుందని మిల్లు నుంచి కబురు వచ్చింది. మా మేనేజరు సంతోషించారు. ఆయన నా మీద కోప్పడే మనిషి కాదు. పని తేలిక చేసి పెట్టే మనిషి. "కారణం దగ్గర 'ఆపరేటర్ పొరపాటు' అని రాసి షావుకారు సంతకం పెట్టించుకురా," అన్నారు. "మన యంత్రంలో లోపం లేదని తేలిపోద్ది. నీ ఉద్యోగం పర్మనెంటు కాగితం కూడా ఇదే వారం పంపిస్తాను."

"చిప్పులు మార్చాం గదండీ?"

"చిప్పులంటే మన లోపం అయిద్ది. ఆ అమ్మాయిని ఎట్టాగూ తీసేశారు గదా. కొత్తగా పోయేదేంది?"

రిపోర్టు ఫారం తీసుకుని బయల్దేరాను. బస్సు మిల్లు గేటు ముందే ఆపారు. గేటు పక్క కొళాయి దగ్గర ఆడవాళ్లు క్యారేజీలు కడుగుతున్నారు. పక్కనుంచి లారీలు పోతున్నాయి, దుమ్మంతా కడిగిన గిన్నెల్లోనే పడుతోంది. వాళ్లలో ఒకామె లేచి, చేతులు చీరకు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. మొహం చూస్తే ఎవరో తెలిసింది. కూతురిది అదే మొహం.

"సారూ, మా పిల్ల చెయ్యి మంచిది కాదంట గదా?"

"నేను అట్లా అనలేదమ్మా."

"మరి ఎవురన్నారు? కాయితం మీరేగా రాసేది?"

ఏమీ రాయలేదన్నాను. నిజమే, ఇంకా రాయలేదు.

"రాసేటప్పుడు ఒకటి చూసి రాయండి. అది టైపు నేర్చుకోను నరసరావుపేటకి పోయినన్నాళ్లూ నేను రెండో పూట అన్నం మానుకున్నా. పోయిన పూటలు పోయినయిలే. చేతగాని పిల్లని అనిపించుకుంటే రేపు ఇంకో చోట కుర్చీలో ఎవురు కూచోబెడతారు దాన్ని?"

ఇంకొకామె కొళాయి దగ్గర్నుంచే అంది: "ఎందుకే ఆ సారుతో? ఆ పెట్టెకి గుమ్మడికాయ కట్టారు. దిష్టి తగిలేది పిల్లలకే."

నేను లోపలికి వెళ్లి, చెప్పులు విప్పి, గదిలోకి పోయాను. మేనల్లుడు కుర్చీలో ఉన్నాడు. మర్యాదస్తుడు; లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. ప్రెస్సు మొదలైంది. తెర బిగుసుకుపోయింది. అతను నా వైపు చూడకుండానే చెయ్యి వెనక్కి పోనిచ్చి స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. అంత వేగం ఒక్కరోజులో వచ్చేది కాదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఎప్పుడన్నా సార్."

"ఇవాళ?"

"ఇవాళ... పొద్దున్నుంచి." గొంతు తగ్గించాడు. "మామయ్య చెప్పొద్దన్నాడు సార్. నాల్రోజులు బాగానే ఉంది. తర్వాత మామూలే."

పెట్టె విప్పుదామని దాని మీద చెయ్యి పెట్టాను. కరెంటు తగిలినట్టు సన్నగా జిల్లుమంది.

"అది అంతే సార్," అన్నాడు మేనల్లుడు. "నాకు అలవాటైంది."

మీరు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే నాకు చాలు. కస్టమరు అలవాటైందని చెప్పిన ప్రతిదీ కొలవాలి. మీటరు తీసి ఎర్తు కొలిచాను. వాన మర్నాడు రెండు వోల్టులు కూడా లేని చోట ఇప్పుడు నలభై దాటి ఉంది. ప్రెస్సు వేయించాను. ముల్లు ఎగిరిపడింది. అంటే కరెంటు వచ్చే దారి బాగానే ఉంది, నేలలోకి పోయే దారి లేదు. మోటారు మొదలైనప్పుడల్లా ఆ అలజడి అంతా పోవడానికి చోటు లేక యంత్రం ఒంట్లోనే తిరుగుతోంది. నేను ఇన్నాళ్లూ నీళ్లు వచ్చే పైపు చూశాను. తూము చూడలేదు.

మిల్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు రేకు ఎక్కడ పాతారని అడిగాను. గది వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. నేల నెర్రెలిచ్చి ఉంది. గోడకు పాత కొళాయి పైపు ముక్క, దానికి బిరడా.

"ఎంత లోతు తవ్వావు?"

"మోకాల్లోతు సార్."

"మనిషి లోతు తవ్వాలి గదా?"

"అడుగున నాపరాయి సార్. గడ్డపార ఖంగుమంది. ఈ నేలంతా అంతే. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చా. మీకు ముందొచ్చిన సారు కొలిచి, సూపరన్నాడు."

సూపరే. అప్పటికి ఆ గోడ పక్కన ఏళ్ల తరబడి ఆడవాళ్లు కాళ్లు కడుగుతున్నారు. ఆ తడి మీద రేకు మోకాల్లోతున్నా చాలింది. కొళాయి తీసేశాక కూడా నేలలో ఉన్న చెమ్మ కొన్నాళ్లు లాక్కొచ్చింది. ఎండలు ముదిరాక యంత్రం ఆగడం మొదలైంది. వాన పడితే బాగైంది. ఆరితే మళ్లీ చెడింది. నేను రెండు బకెట్ల నీళ్లు తెప్పించి గోడ పక్కన పోసి, నేల పీల్చుకునే దాకా ఆగి, లోపలికి పోయి కొలిచాను. ముల్లు దిగింది.

నోటితో చెబితే నమ్మరని షావుకారు గారిని తీసుకొచ్చి మీటరు చేతిలో పెట్టాను. ఆయన ముల్లును చూశారు, కిటికీలోంచి తడి నేలను చూశారు, మళ్లీ ముల్లును చూశారు.

"అంటే, కూలోళ్లు కాళ్లు కడిగిన నీళ్ల మీద నడుస్తందంటావా నా కంప్యూటరు?"

"ఏ నీళ్లయినా పర్వాలేదండీ. తడి ఉండాలి."

"మంచినీళ్లు పోయిస్తా."

"పోయించండి. కాకపోతే ఉప్పూ సబ్బూ కలిసిన నీళ్లయితే ఇంకా మంచిదండీ."

ఆయన మీటరు నా చేతిలో పెట్టేశారు.

శాశ్వతంగా బాగుచెయ్యాలంటే నాపరాయిలో బోరు వేసి లోతుగా రాడ్డు దించాలి. బోరు బండి పిడుగురాళ్ల నుంచి రావడానికి వారం పడుతుంది. అతిథులు ఎల్లుండి వస్తున్నారు. బకెట్లతో పోస్తే ఆ ఎండకు గంటలో ఆరిపోతుంది. కొళాయి ఊరికే తిప్పి వదిలేద్దామంటే, ఎండాకాలం, కరెంటు కోత, సాయంత్రానికి టాంకు ఖాళీ. ఎట్టాగూ వాడే నీళ్లే ఆ నేలకు పోవాలి. అంటే కొళాయి వెనక్కి రావాలి, దానితో పాటు ఆడవాళ్లూ రావాలి. షావుకారు గారు బిరడా తీయించి గంటలో కొళాయి పెట్టించారు. ఆడవాళ్లను రమ్మని గుమాస్తా గారిని పంపారు.

గుమాస్తా గారు ఒక్కరే తిరిగి వచ్చారు. "గేటు అవతల బాగానే ఉందంటన్నారండీ."

చివరికి షావుకారు గారే వెళ్లారు. నేనూ వెనక వెళ్లాను. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు కానీ కదల్లేదు.

"లోపలికి రండమ్మా. కొళాయి మళ్లీ ఏయించా," అన్నారు.

"మా గోల పడదన్నారు గదయ్యా?" అంది ఒకామె.

"ఇప్పుడు పడుద్ది."

"ఎట్టా పడుద్ది? మేం అదే గోల చేస్తాం. కొత్తది రాదు మాకు."

నవ్వులు. షావుకారు గారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. అప్పుడు ఆపరేటరు తల్లి ముందుకు వచ్చింది. చేతులు కట్టుకునే ఉంది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అయ్యా, గోడకి ఇవతల మేం కడుక్కుంటాం. గోడకి అవతల నా పిల్ల కూచుంటది. రెండూ అయితే వస్తాం."

గుమాస్తా గారు ఏదో అనబోయారు. షావుకారు గారు చెయ్యి ఎత్తి ఆపారు. "సరే. కానీ ఎల్లుండి పెద్దమనుషుల ముందు అది ఆగిందనుకో, తల్లీ కూతురూ ఇద్దరూ మర్నాటి నుంచి రావొద్దు. నాకు ఇంక ఏ కతా చెప్పొద్దు."

"అట్నే," అంది ఆమె.

అట్నే అనడానికి ఆమెకు వోల్టుల గురించి ఏమీ తెలియదు. తెలిసినవాణ్ని నేను. ఇంతకుముందు మెమరీ చిప్పుల గురించి కూడా ఇంతే ధీమాగా చెప్పాను మరి.

మర్నాడు అమ్మాయి పనిలోకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, పోయిన లైన్లు వెతుక్కుంటూ, తల తిప్పకుండా అడిగింది: "ఈసారి నిజంగా తెలిసిందా సార్, మళ్లీ చిప్పులా?"

"తెలిసింది."

"మా అమ్మ పని కూడా దీని మీదే పెట్టి వచ్చింది. అందుకని అడుగుతున్నా."

ఆ రోజంతా గోడ వెనక కొళాయి నడిచింది. ప్రెస్సు ఎన్నిసార్లు వేశారో అన్నిసార్లు నేను కొలిచాను. బాగుంది. సాయంత్రం పోస్టాఫీసు నుంచి మా మేనేజరుకు ట్రంకాల్ చేసి కారణం చెప్పాను.

"ఏం రాశావు రిపోర్టులో?"

"కొళాయి స్థలం మార్చడం వల్ల ఎర్తు ఎండిపోవడం."

మళ్లీ చదవమన్నారు. చదివాను.

"మనం అమ్మేది కొళాయిలు కాదయ్యా," అన్నారు. "హెడ్డాఫీసు వాళ్లు ఇది చదివితే ఏమనుకుంటారు? ఆపరేటరు అని రాస్తే పోయేదానికి..."

"ఆపరేటర్ని మార్చి చూశారండీ. ఆగింది. ఆ పరీక్ష అయిపోయింది."

మంచితనంతో అన్న మాట కాదిది. తప్పని తేలిన జవాబును మళ్లీ రాయడం నాకు చేతకాలేదు, అంతే. పర్మనెంటు కాగితం ఆ వారం రాలేదు. తర్వాతెప్పుడో వచ్చింది.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి పెద్దమనుషులు వచ్చారు. ముగ్గురు. చెప్పులు బయట వదిలి, ఏసీ చల్లదనానికి ఒకసారి భుజాలు కదిపి, కుర్చీల్లో కూర్చున్నారు. గుమాస్తా గారు గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను మీటరు జేబులో పెట్టుకుని మూలకు పోయాను. అమ్మాయి ఆ సీజనులో ఏ ఊరి నుంచి ఎన్ని బళ్ల పత్తి వచ్చిందో తెర మీద చూపించింది. ఊరి పేరు కొడితే ఆ ఊరి లెక్క వస్తోంది. మాచర్ల ఆయన తమ ఊరు కొట్టమన్నారు. వచ్చింది. ఆయన ముందుకు వంగారు.

అప్పుడు చిలకలూరిపేట ఆయన, అన్నీ తెలిసిన మనిషి, కాలు మీద కాలు వేసుకుని అన్నారు: "మా దగ్గరదీ ఇంతే బావా. మోటార్లు ఆపితేనే నడుస్తది. మీరూ ప్రెస్సు ఆపినట్టున్నారే, చప్పుడు లేదు."

నిజంగానే ఆగి ఉంది, అన్నాల వేళ కాబట్టి. షావుకారు గారు నన్ను చూశారు. నేను నేలను చూశాను. జవాబు చెప్పాల్సింది ఆయన. చెప్పింది అమ్మాయి.

"ప్రెస్సు ఏయించండి సార్," అంది.

షావుకారు గారు ఆమెను ఒక్క క్షణం చూసి, గుమాస్తా గారికి తల ఊపారు. ఆయన కొంచెం ఎక్కువ హుషారుగానే వెళ్లారు. మోటారు మూలిగి అందుకుంది. ట్యూబులైటు మసకబడింది, ఏసీ గొంతు మారింది. అమ్మాయి ఇంకో ఊరి పేరు కొట్టి మీట నొక్కింది. పచ్చ అక్షరాలు ఒకదాని కింద ఒకటి దిగాయి. ప్రింటరుకు ఇచ్చింది. అది గీ గీ అంటూ మొదటి లైను కొట్టింది, రెండోది కొట్టింది, ఆగకుండా కాగితం చివరిదాకా పోయింది. ఆమె దాన్ని చింపి చిలకలూరిపేట ఆయన చేతికిచ్చింది.

ఇంతలో గోడ వెనక మొదలైంది. అన్నాలు అయిపోయినట్టున్నాయి. గిన్నెల మోత, కొళాయి ధార, ఎవరో ఎవర్నో "ఒసే, సబ్బు ఇటు పారెయ్యవే" అనడం, దానికి నవ్వులు. ఏసీ గదిలోకి అంతా స్పష్టంగా వినిపిస్తోంది.

మాచర్ల ఆయన కిటికీ వైపు చూశారు. "ఏందండీ ఆ గోల? ఇంత ఖర్చు పెట్టి గది కట్టారు, పక్కనే కొళాయా?"

షావుకారు గారు తొణకలేదు. "అదీ కంప్యూటర్‌దే," అన్నారు.

"అంటే?"

"అంటే అంతే. ఇదొక్కటే కొంటే నడవదు."

చిలకలూరిపేట ఆయన కాలు మీద కాలు తీసేసి, నా వైపు తిరిగి, ఆ భాగం వేరే కొనాలా, దీంతో పాటే ఇస్తారా అని అడిగారు. సైటును బట్టి ఉంటుందండీ అన్నాను.

వాళ్లు భోజనాలకు వెళ్లారు. షావుకారు గారు వెనక మిగిలారు. క్షమించమ్మా అనే మనిషి కాదాయన. అట్లాంటి మాట ఆయన నోట్లో ఇమడదు. గదంతా ఒకసారి కలయజూసి, అమ్మాయి కూర్చున్న కుర్చీ దగ్గర ఆగారు. చెక్క కుర్చీ, ఒక కాలు పొట్టి.

"ఇది ఊగుతందేందయ్యా?" అన్నారు గుమాస్తా గారితో. "ఇంకోటి ఎయ్యి ఆ అమ్మాయికి."

"ఇంకోటి లేదండీ ఆఫీసులో."

"నీది ఉందిగా."

గుమాస్తా గారిది చేతుల కుర్చీ. మెత్త వేసింది. ఆయన దాని వైపు చూశారు. అమ్మాయి గబగబా లేచి, "వద్దు సార్, నాకు ఇది అలవాటైపోయింది," అంది.

"నిన్నెవరడిగారు?" అన్నారు షావుకారు గారు, చెప్పులేసుకుంటూ.

గుమాస్తా గారు తన కుర్చీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. బోర్డు చూసి ఆగి, కుర్చీ దించి, చెప్పులు విప్పి, మళ్లీ ఎత్తుకుని లోపలికి తెచ్చారు.